వడ్లగింజంత ఎడం

శనివారం పొద్దున్న పదిగంటలకి సత్తియ్య గారిని అమ్మకానికి పెట్టారు.

అసలు సత్తియ్య గారు ఆ వేళకి రామచంద్రపురంలో కర్రసాము నేర్పే తన తాలింఖానా నేల మీద నీళ్ళు చల్లుకుంటూ ఉండి ఉంటారు. అమ్మకానికి పెట్టింది ఆయన బొమ్మని. రాజమహేంద్రవరం దానవాయిపేటలో, ఒక కళ్ళజోళ్ళ దుకాణం పై అంతస్తులో ఆరుగురు మనుషులు రెండేళ్ళు కూర్చుని ‘బరిగీత’ అని ఒక ఫోన్ ఆట తయారుచేశారు. ఇద్దరు యోధులు బరిలోకి దిగి ఒకర్నొకరు పడగొట్టుకోవడమే ఆట. ఆట ఉచితం, అందులో ఉన్న యోధులందరూ ఉచితం. కొత్తగా వస్తున్న కర్రసాము పెద్దాయన మాత్రం ఉచితం కాదు. ఆయన కావాలంటే డబ్బు కట్టి విడిగా దింపుకోవాలి.

ఆ పెద్దాయన్ని తయారుచేసింది పావని. బొమ్మలకి నడక, దెబ్బ, పడటం, లేవడం నేర్పడం ఆమె ఉద్యోగం. పదేళ్ళ వయసులో మొదలుపెట్టి సత్తియ్య గారి దగ్గర కర్ర తిప్పిన పిల్ల. ఇరవయ్యారేళ్ళొచ్చినా ఆదివారం వస్తే బస్సెక్కి రామచంద్రపురం వెళ్ళి ఆ మట్టినేల మీద నిలబడకుండా ఉండలేదు. కొత్త యోధుడు ఎవరైతే బాగుంటుందని ఆఫీసులో చర్చ వచ్చినప్పుడు ఎగిరి గంతేసి మాస్టారి పేరు చెప్పింది ఆమే. ఒప్పించడానికి నెల పట్టింది. చివరికి ఆయన తాలింఖానాలోనే ఒంటినిండా కదలికల్ని పట్టే సెన్సార్ల పట్టీలు కట్టించుకుని, “నాకేదో పెద్ద జబ్బు చేసినట్టుందమ్మా” అని నవ్వి, రెండు రోజులపాటు కర్ర తిప్పారు. ఎదురుగా పావనే నిలబడింది.

అందుకే పొద్దున్నుంచీ ఆమెకి మంచినీళ్ళు కూడా సయించడం లేదు. ఈ కొత్త యోధుడు అమ్ముడుపోకపోతే దీపావళికల్లా ఆ మేడ ఖాళీ చెయ్యాలి. ఆ భయం ఆఫీసులో అందరిదీ. పావనికి దానిమీద ఇంకో భయం ఉంది. పై శుక్రవారం దసరా. రామచంద్రపురం ఊరేగింపులో ఏటా అందరూ ఎదురుచూసే అంశం తలదెబ్బ. సత్తియ్య గారు పూర్తి బలంతో కర్రని గిర్రున తిప్పి ఎదుటిమనిషి నడినెత్తి మీదికి దింపుతారు. పాపిటకి వడ్లగింజంత ఎడం ఉందనగా కర్ర ఆగుతుంది. ఈ ఏడు ఆ కర్ర కింద నిలబడమని ఆయన పావనితో అన్నారు. పదహారేళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూసిన మనిషికి, ఈ ఆట వల్ల ఆయన మనసుకి ఏమాత్రం కష్టం కలిగినా ఆ చోటు తనకి దక్కదని లోపల ఒకటే గుబులు.

డబ్బుల యోధుడి మీద గొడవ నెలరోజుల క్రితమే మొదలైంది. “డబ్బులున్నోడే గెలిచే ఆటయితే మాకెందుకు?” అని కొందరు. “అతన్ని కొనకపోతే అతనితో సాధన చేసుకోవడం ఎలా? తెలియనివాడితో తలపడి ఊరికే ఓడిపోవాలా?” అని మరికొందరు. రెండో మాటలో న్యాయం ఉందని పావని మీటింగులో అంది కూడా. ఆఫీసు యజమాని ఉదయభాస్కర్ కొట్టిపారేశాడు. అతను మెయిన్ రోడ్డు బట్టల కొట్లో పుట్టి పెరిగినవాడు, ఏ లెక్కైనా చివరికి ఆ కొట్లోకే తీసుకెళ్ళి చూపిస్తాడు.

“మా నాన్నగారి కొట్లో ఏసీ ఊరికే, కూల్‌డ్రింకు ఊరికే. వచ్చి గంటసేపు కూర్చుని చీరలన్నీ తీయించి వెళ్ళిపోయినా ఎవరం ఏమీ అనం. ఎందుకు? పట్టుచీర కొన్నావిడ వాళ్ళందరి ఖర్చూ పెట్టుకుంటంది కనక. ఇక్కడా అంతే. కొన్నవాడి డబ్బుతో కొననివాడు కూడా ఆడుకుంటాడు. అంతకన్నా ధర్మం ఏముందండీ?”

జీతాలు తీసుకునేవాళ్ళకి అలాంటి ప్రశ్నలకి జవాబులు దొరకడం కష్టం.

పది దాటిన కాసేపటివరకూ అమ్మకాలు బాగానే సాగాయి. ఆ తరవాత తిట్లు మొదలయ్యాయి.

“డబ్బులిచ్చి కొన్నాను. తాత గాలిని కొడుతున్నాడు.”

“తాతా, దోమలు తోలుకుంటున్నావా?”

“కొనని వాళ్ళకి పండగే పండగ. కొన్నోళ్ళని చూస్తే జాలేసి వదిలేస్తున్నాం.”

నెలరోజుల క్రితం డబ్బున్నోడే గెలుస్తాడని ఏడ్చినవాళ్ళే ఇప్పుడు ఇకిలిస్తున్నారు. కొన్నవాళ్ళ కోపం మాత్రం నవ్వులాట కాదు. పట్టుచీర రంగు దిగితే కొట్టు గుమ్మంలో నిలబడి నలుగురూ వినేలా అరిచే రకం కోపం అది. ఉదయభాస్కర్‌కి ఆ కోపం చిన్నప్పట్నుంచీ తెలుసు, అందుకే అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

“గణేష్‌బాబూ, ఏంటయ్యా ఇది?” అన్నాడు.

గణేష్‌బాబు ఆటకి ప్రోగ్రాం రాసేవాడు. తల వంచుకుని, దెబ్బని ఒక్కో బొమ్మగా విడదీసి ముందుకీ వెనక్కీ జరిపి చూశాడు. పావని తన కుర్చీలోంచి కదల్లేదు.

“కర్ర కొస మనిషికి తగలట్లేదండి,” అన్నాడు గణేష్‌బాబు. “దెబ్బంతా కరెక్టుగా వస్తంది. ఆఖర్న వెంట్రుకవాసిలో ఆగిపోతంది. ఒకటీ రెండూ కాదు, అన్ని దెబ్బలూ అంతే. మనం టెస్టు చేసినప్పుడు కంప్యూటర్ని ఎదురు పెట్టేం కదండి, అదేమో కర్ర మీదకి నడిచొచ్చి మరీ తగిలించుకునేది. మనుషులు అలా రారు కదా, దూరంగా ఉండి ఆడతారు. సెన్సార్లలో తేడా అయ్యుంటదండి.”

సెన్సార్లలో తేడా లేదు. ఆ సంగతి ఆ గదిలో పావనికొక్కదానికే తెలుసు.

కర్రసాము నేర్చినవాడికి దెబ్బ కొట్టడం ఒక విద్యే కాదు. కొట్టడం ఎవడికైనా వస్తుంది. పూర్తి వేగంతో వచ్చిన కర్రని ఎదుటివాడి చర్మానికి వడ్లగింజ ఎడంలో ఆపడమే విద్య. తగిలితే నేర్చుకున్నది వృథా అన్నట్టు. తాలింఖానాలో పొరపాటున కర్ర ఎవరికైనా తగిలితే ఆ తగిలించినవాడు కర్ర కింద పెట్టి, దెబ్బతిన్నవాడి కాళ్ళకి దండం పెట్టి, ఆ పూటకి ఇంటికి వెళ్ళిపోవాలి. అలాంటి చోట పెరిగిన కన్ను పావనిది. రికార్డు చేసిన కదలికలు కంప్యూటర్లోకి ఎక్కించాక, సెన్సార్ జారి ఒకటి రెండు చోట్ల కర్ర ఎదుటిమనిషి భుజంలోంచి దూసుకుపోయినట్టు కనిపించింది. పావని వాటిని చూసి నాలుక కరుచుకుంది. మాస్టారికి చెడ్డపేరు వస్తుందని రెండు రాత్రులు నిద్రమాని, ఒక్కొక్క దెబ్బనీ జాగ్రత్తగా వెనక్కి లాగి, వడ్లగింజంత ఎడంలో ఆపింది. ఇది కొట్టుకునే ఆట కదా, తగలాలి కదా అని ఆమెకి ఒక్క క్షణం కూడా తట్టలేదు.

తన తప్పేనని చెప్పేద్దామని నోరు తెరిచింది. ఉదయభాస్కర్ అప్పటికే ఆమెవైపు తిరిగాడు.

“పావని గారూ, కర్ర ముందుకి జరపాలంటే ఎంతసేపు?”

“అరగంటండి.” నోరు తెరిచింది అందుకు కాదు గాని, ఆ మాటే వచ్చింది.

“అయితే ఇంకేం? నాలుగు వేళ్ళు జరిపెయ్యండి. సాయంత్రం ఐదుకి కొత్త వెర్షన్ వదిలేద్దాం.”

“అది కాదండి. ఆ విద్యే అంతండి, తగలకూడదు. తగిలితే అది మా మాస్టారి కర్ర కాదు. ఇంకోలా చెయ్యచ్చు. కర్ర అలా ఆగినప్పుడు ఎదుటివాడు జంకినట్టు, కాస్సేపు చెయ్యాడనట్టు పెడదాం. దెబ్బ తగలక్కర్లేదు, భయంతోనే ఓడిపోతాడు. అప్పుడు ఆయన అందర్లాంటివాడు కాదు, కొన్నందుకు విలువుంటది.”

గణేష్‌బాబు కళ్ళు ఒక్కసారి మెరిశాయి. వెంటనే చల్లబడ్డాయి. “బ్రహ్మాండంగా ఉంటదండి. కానీ మిగతా అందర్నీ దానికి తగ్గట్టు మార్చాలి. జంకు ఎక్కువైతే ఆయన్ని ఎవడూ గెలవలేడు, అప్పుడు డబ్బులిచ్చి గెలుపు కొన్నారని మళ్ళీ తిడతారు. టెస్టు చెయ్యడానికే నెలరోజులు కావాలి.”

“నెలరోజులకి మనం ఉండం,” అన్నాడు ఉదయభాస్కర్. గట్టిగా కూడా అనలేదు. అలా మామూలుగా అనడమే అందర్నీ భయపెట్టింది.

మధ్యాహ్నం పావని ఫోన్ మోగింది. మాస్టారు. మెట్ల మీదికి వెళ్ళి ఎత్తింది.

“ఏమ్మా, బువ్వ తిన్నావా?”

“తిన్నానండి.” తినలేదు.

“మన కుర్రాళ్ళు, చిట్టియ్య వాళ్ళు, తలా కొంత వేసుకుని నన్ను కొన్నారంటమ్మా. ఫోన్‌లో చూపించేరు.” ఆయన గొంతులో ఎప్పుడూ లేని తొందర వినిపించింది. “నేనేదో బొమ్మలాటనుకున్నాను. నా భుజమే తల్లీ అది. ఎడమకాలు వెయ్యడం కూడా నాదే. ఒకటికి పదిసార్లు వేయించి చూసేను. ఎక్కడా తగల్లేదమ్మా. ఒక్కటి కూడా తగల్లేదు. ఎంత బాగా పట్టేవు! నేను చచ్చిపోయినా ఇది ఇలాగే ఆగుతుంది కదా?”

పావనికి ఏడుపొచ్చింది. “ఆగుతుందండి,” అంది.

“రేపు వస్తన్నావు కదా. తలదెబ్బ రెండుసార్లు చూసుకుందాం. దసరాకి నీ పేరు మైకులో చెప్పమన్నాను.”

ఫోన్ పెట్టేసి ఆమె మెట్ల మీదే కూర్చుండిపోయింది. కింద కళ్ళజోళ్ళ దుకాణంలో ఎవరో ముసలాయన గోడ మీది అక్షరాలు పైకి చదువుతున్నాడు, ఒక్కో వరుసకీ తడబడుతున్నాడు. చెప్పేస్తే? మాస్టారూ, మీరు మెచ్చుకున్నదాన్నే అందరూ తిడుతున్నారండి, సాయంత్రానికి మీ కర్రతో కొట్టించబోతున్నానండి అని చెప్పేస్తే? ఆయన వద్దనరు. ఉద్యోగం కదమ్మా, నీ ఇష్టం అంటారు. ఆ మాట వినడం కన్నా చెప్పకపోవడమే తేలిక అనిపించింది. పిరికివాళ్ళకి ఎప్పుడూ అలాగే అనిపిస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా ఆమె ఫోన్ మళ్ళీ తియ్యలేదు.

సాయంత్రం కాకముందే పని అయిపోయింది. నిజంగానే అరగంట పట్టింది. తెర మీద కర్ర కొసని పట్టుకుని ముందుకి లాగడం, ఎదుటి బొమ్మ లోపలికి దిగిందో లేదో చూసుకోవడం, మళ్ళీ తరవాతి దెబ్బ. పరీక్షకి ఎదురు నిలబెట్టింది మల్లికని. ఉచితంగా వచ్చే యోధుల్లో జడ వేసుకున్న పిల్ల అది. దాని నడకా, దెబ్బతిని మోకాళ్ళ మీద పడటం, అన్నీ పావనివే, ఆఫీసులోనే పరుపు మీద పడి రికార్డు చేసినవి. చివర్న తలదెబ్బ మిగిలింది. పావని దాన్ని వదిలేద్దామనుకుంది. ఒక్కటి తగలకపోతే ఎవరు పట్టించుకుంటారు?

“అదేనండి అన్నిటికన్నా పెద్ద దెబ్బ,” అన్నాడు వెనక నిలబడ్డ ఉదయభాస్కర్. “దాని కోసమే కొంటారు.”

పావని తలదెబ్బని కూడా కిందికి లాగింది. తెర మీద మాస్టారి కర్ర మల్లిక నడినెత్తిన దిగింది. మల్లిక మోకాళ్ళ మీద పడింది.

కొత్త వెర్షన్ వదిలిన గంటకే గాలి తిరిగింది. “తాత లేచాడు”, “ఇచ్చిన డబ్బుకి న్యాయం జరిగింది”, “ఇలా వెంటనే సరిచేసేవాళ్ళకి ఇంకో యోధుడికైనా డబ్బిస్తాం.” ఉదయభాస్కర్ అందరికీ పుల్లట్లు తెప్పించాడు. పొద్దున్నుంచీ ఏమీ తినని పావని ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. మిగతాది పొట్లంలో మడిచేసింది.

మర్నాడు పొద్దున్నే రామచంద్రపురం బస్సెక్కింది. కడియం దగ్గర మొక్కలు ఎక్కిస్తున్న లారీ అడ్డంగా ఉండి బస్సు చాలాసేపు ఆగిపోయింది. ఇంకెప్పుడైనా అయితే విసుక్కునేది. ఇవాళ ఆ లారీ ఎంతసేపున్నా ఫరవాలేదనిపించింది. ఆమె ఆశంతా ఒకటే. చిట్టియ్య ఫోన్ పాతది, మెమరీ ఎప్పుడూ నిండే ఉంటుంది. కొత్త వెర్షన్ దానిలోకి దిగకపోతే బాగుండును. దసరా అయ్యేదాకా దిగకపోయినా చాలు. తరవాత నెమ్మదిగా తనే చెప్పుకుంటుంది. ద్వారపూడి దాటేసరికి ఆ ఆశ కాస్త గట్టిపడింది. బతిమాలుకోవడం తప్ప చేసేదేమీ లేనప్పుడు మనిషికి అలాగే గట్టిపడుతుంది.

తాలింఖానా అంటే పెద్ద భవనమేమీ కాదు. సత్తియ్య గారి పెరట్లో చుట్టూ మట్టిగోడలు పెట్టి, నాలుగు తాటిదూలాల మీద వేసిన రేకుల పాక. పాకలో సాధన జరగడం లేదు. అందరూ నీళ్ళ డ్రమ్ము చుట్టూ చేరి ఉన్నారు. డ్రమ్ము మీద చిట్టియ్య ఫోన్ నిలబెట్టి ఉంది. పక్కన స్టూలు మీద సత్తియ్య గారు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

పావని గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“వచ్చేరా అక్కా,” అన్నాడు చిట్టియ్య. సెల్‌ఫోన్ల షాపులో రిపేర్లు చేస్తాడు, సత్తియ్య గారి శిష్యుల్లో అందరికన్నా నోరున్నవాడు. “రండి, ఇది చూడండి. నిన్న మేం కొన్నది ఇది కాదండి. రాత్రి ఫోన్ ఛార్జింగ్ పెట్టి పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి మాస్టారు మారిపోయేరు.”

“అప్‌డేట్ వచ్చింది రా,” అంది పావని.

“వస్తే అడగరా అండి? కొన్నాక మాదే కదండీ. కొన్న సైకిలు ఇంట్లో ఉండగా రాత్రికి రాత్రి ఎవరో వచ్చి హ్యాండిలు మార్చేసి పోతే ఊరుకుంటామా?”

“కొన్నవాళ్ళందరూ గొడవ చేసేర్రా. తగలట్లేదని. డబ్బులు తిరిగివ్వమన్నారు.”

“మేం చెయ్యలేదు గదండి. మేమూ కొన్నాం గదా. తగలట్లేదనే కొన్నాం.”

ఎక్కువమంది డబ్బు, తక్కువమంది డబ్బు అని తేడా ఉంటుందని ఆ పాకలో నిలబడి పావని ఎలా చెప్తుంది?

“ఒరే, ఊరుకో,” అన్నారు సత్తియ్య గారు. “మళ్ళీ వెయ్యి. ఆ ఆఖరిది.”

చిట్టియ్య ఫోన్ మీద వేళ్ళు ఆడించాడు. ఎదురుగా మల్లికే ఉంది. డబ్బులన్నీ మాస్టారికే అయిపోయాయి మరి, ఉచితంగా వచ్చేవాళ్ళే ఎదురు. మాస్టారి బొమ్మ ఎడమకాలు ముందుకేసి, కర్ర గిర్రున తిప్పి దింపింది. చిన్న ఫోన్లోంచి ఠప్పుమని చప్పుడొచ్చింది. మల్లిక మోకాళ్ళ మీద పడి, ఒక చెయ్యి నేలకి ఆన్చి, తల వాల్చేసింది.

“ఆ పిల్ల పడటం చూస్తే నువ్వే కదమ్మా?” అన్నారు సత్తియ్య గారు, తెర మీంచి చూపు తిప్పకుండా.

“నా కదలికేనండి. నేను కాదండి. బొమ్మండి అది.”

“నువ్వు చిన్నప్పుడు ఇక్కడ జారి పడినప్పుడూ అలాగే చెయ్యి ఆన్చేదానివి.” అప్పుడు ఆమె వైపు తిరిగారు. “కర్ర ఎవరు జరిపేరమ్మా?”

ఆఫీసువాళ్ళు అని చెప్పచ్చు. అబద్ధం కూడా కాదు, ఆమె కూడా ఆఫీసే. బస్సులో ఆ మాట నాలుగైదు రకాలుగా అనుకుని మరీ వచ్చింది. ఆయన మొహం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు.

“నేనేనండి.”

ఆయన తలాడించారు. “సరేలే. ఉద్యోగం కదా.” కోపం లేదు, దెప్పడం లేదు. చిన్నపిల్ల పలక పగలగొట్టుకొస్తే సర్దిచెప్పినట్టుగా అన్నారు. ఆయన తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది పావని. “రండి, రండి. పొద్దెక్కిపోతంది. ఫోన్ తీసెయ్ రా.”

ఆమె చున్నీ నడుముకి బిగించుకుని, నేలకి దండం పెట్టుకుని, పాక మధ్యకి వచ్చి నిలబడింది. మిగతావాళ్ళు గోడ వారకి జరిగారు. సత్తియ్య గారు నూనె పట్టించిన కర్ర అందుకుని, ఎప్పట్లాగే దాని రెండు కొసలూ తడిమి చూసుకుని, ఆమె ఎదురుగా వచ్చారు. అరవై దాటిన మనిషి, కర్ర చేతికొస్తే నడుం దానంతటదే నిటారవుతుంది. ఇప్పుడూ అయింది. పావని కొంచెం ఊపిరి తీసుకుంది. అయిపోయింది, అనుకుంది. గండం గడిచింది.

ఆయన ఎడమకాలు ముందుకేశారు. కర్ర గాలిని కోసుకుంటూ ఒక చుట్టు తిరిగి ఆమె నడినెత్తి మీదికి దిగింది. పావని రెప్ప వెయ్యలేదు.

కర్ర ఆగింది. కాని పైన ఎక్కడో ఆగింది. పాపిటకీ కర్రకీ మధ్య జానెడు సందు.

సత్తియ్య గారు కర్ర వైపు వింతగా చూశారు. తరవాత వెనక్కి తీసుకుని అరచేతులు పంచెకి తుడుచుకున్నారు.

“చేతికి చెమట పట్టింది,” అన్నారు. “ఇంకోసారి.”

రెండోసారి ఇంకా వేగంగా వచ్చింది. పావనికి నెత్తిన గాలి తగిలింది. కర్ర మళ్ళీ అక్కడే, జానెడు పైనే ఆగిపోయింది. ఈసారి ఆగడంలో కొస వణికింది. ఆ కర్ర వణకడం పదహారేళ్ళలో ఆమె చూడలేదు.

“చెయ్యి రావట్లేదమ్మా,” అన్నారాయన. చాలా మెల్లగా, ఆమెకొక్కదానికే వినపడేలా అన్నారు. “దింపుతుంటే నువ్వు మోకాళ్ళ మీద పడ్డట్టు కనబడతంది.”

“మాస్టారూ, అది బొమ్మండి! ఆటండి! నేను పడలేదండి, మీరు కొట్టలేదండి!” అంది పావని. “ఆఫీసులో ఏమన్నా అననివ్వండి. రేపే మళ్ళీ వెనక్కి జరిపేస్తానండి. అరగంట పనండి అది.”

“జరుపుదువులే,” అన్నారు ఆయన. ఎడమచెయ్యి చాపి ఆమె నెత్తి మీద పెట్టి, పాపిట వెంబడి ఒకసారి తడిమారు, ఏమన్నా తగిలిందేమో చూస్తున్నట్టుగా. “నేను చూసేసేను కదమ్మా.”

తరవాత చిట్టియ్యని పిలిచారు. “ఊరేగింపు కమిటీవాళ్ళకి చెప్పెయ్ రా. ఈ దసరాకి తలదెబ్బ లేదని.”

“పై ఏడు పెట్టుకుందామని చెప్పనా అండి?”

సత్తియ్య గారు కర్రని గోడకి చేరవేసి, చేతులు కడుక్కోవడానికి పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్ళారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే తమ కర్రలు తీసుకున్నారు. పావని మాత్రం పాక మధ్యలో, తల వంచకుండా, నిలబడ్డచోటే ఇంకా నిలబడి ఉంది.